వర్గం, వర్గమూలం: ఏ లెక్కకు ఏ పద్ధతి పట్టుకోవాలి?

47 వర్గం ఎంత అని ఎనిమిదో తరగతి పిల్లలను అడిగి చూడండి. ఒకరు మారుమాట్లాడకుండా 47ను 47తో గుణిస్తారు. ఇంకొకరు 50లోంచి 3 తీసి (a−b)² సర్వసమీకరణం వేస్తారు. మూడో పిల్లోడు యూట్యూబ్‌లో చూసిన షార్ట్‌కట్ గుర్తు తెచ్చుకోవడానికి పైకప్పు వంక చూస్తుంటాడు. ముగ్గురికీ 2209 వస్తే గొడవే లేదు. కానీ మూడోవాడికి ఈరోజు వచ్చింది రేపు పరీక్షలో వస్తుందన్న గ్యారంటీ లేదు. ఎందుకు వచ్చిందో వాడికి తెలియదు కాబట్టి.

అనంతపురంలో ట్యూషన్లు చెప్పే నాబోటి వాళ్ళను తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే: "స్కూల్లో ఒకటి చెప్తాండారు, కోచింగ్‌లో ఇంకొకటి చెప్తాండారు, ఏది పట్టుకోమంటారు సార్?" అన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఒకటంటూ లేదు. అలాగని పదిహేను షార్ట్‌కట్లూ అక్కర్లేదు. నా లెక్కలో వర్గం చేయడానికి రెండు దారులు, వర్గమూలానికి మూడు దారులు చాలు. ఏది ఎప్పుడు వాడాలో సంఖ్యను చూసి నిర్ణయించుకోవడమే అసలు పని.

వర్గం చేయడం

పద్ధతుల సంగతి తర్వాత. ముందు 1 నుంచి 25 వరకు వర్గాలు నోటికి రావాలి. 20 వరకు చాలదా అంటారు, 30 వరకు కావాలనేవాళ్ళూ ఉన్నారు. 25 దగ్గర ఆపమనడానికి కారణం ఉంది. 50కి అటూ ఇటూ 25 దూరం వరకు ఉన్న ఏ సంఖ్య వర్గమైనా ఈ పాతిక నుంచే వస్తుంది. 100కి అటూ ఇటూ ఉన్నవీ అంతే. అంటే పాతిక వర్గాలు వస్తే 125 వరకు దారి దొరికినట్టే.

50 దగ్గరి లెక్క ఇలా ఉంటుంది. 63 అంటే 50 కంటే 13 ఎక్కువ. 25కు 13 కలిపితే 38, అవి వందలు. 13 వర్గం 169. 3800కు 169 కలిపితే 3969. 47 అయితే 3 తక్కువ కాబట్టి 25లోంచి 3 తీస్తే 22 వందలు, దానికి 9 కలిపితే 2209. ఇందులో మాయేమీ లేదు. 50 వర్గం 2500, సర్వసమీకరణంలోని మధ్య పదం (2ab) 2×50×13, అంటే సరిగ్గా 13 వందలు. ఈ సంగతి చూపించి నేర్పితే పిల్లలు మరిచిపోరు.

నేరుగా గుణించడాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను చూడను. 364 లాంటి సంఖ్య వచ్చి, 36 వర్గం నోటికి రాకపోతే, నేరుగా గుణించడమే క్షేమం. ఎక్కాలు గట్టిగా వచ్చిన పిల్ల ఆ గుణకారం పూర్తిచేసి 132496 రాసేలోపు, షార్ట్‌కట్ వెతికే పిల్లోడు ఇంకా ఏది వాడాలా అని ఆలోచిస్తూనే ఉంటాడు.

సర్వసమీకరణం పద్ధతిలో ఒకే ఒక్క గుంత ఉంది, కానీ ఏటా సగం క్లాసు అందులో పడుతుంది. 47ను 40+7గా విడగొట్టి, 1600కు 49 కలిపి, 1649 అని రాసేస్తారు. మధ్య పదం మాయం. బోర్డు మీద సూత్రం ఎన్నిసార్లు రాసినా ఇది పోదు. తాడిపత్రి బండలు పరిచిన వరండా బొమ్మ గీస్తే పోతుంది. వరసకు 47 బండలు, అలాంటి వరసలు 47. అందులో 40×40 ముక్క ఒకటి, మూలన 7×7 ముక్క ఒకటి. ఇక మిగిలిన రెండు పట్టీలు, ఒక్కొక్కటి 40×7, పరచకుండా వదిలేస్తామా? ఆ రెండూ కలిపి 560 బండలు. 1649కి 560 కలిస్తే 2209. బొమ్మ గుర్తుకు రాకపోయినా అంచనా ఒకటి కాపాడుతుంది: 47 అనేది 50కి దగ్గర, 50 వర్గం 2500, మరి జవాబు 1649 ఎలా అవుతుంది?

ఇక షార్ట్‌కట్ల సంగతి. 5తో ముగిసే సంఖ్యకు ఒకటి: 65 అయితే 6×7=42, పక్కన 25, జవాబు 4225. 100కు దగ్గరి సంఖ్యకు ఇంకొకటి: 96 అయితే 4 తక్కువ, 96లోంచి 4 తీస్తే 92, పక్కన 16, జవాబు 9216. పిల్లలు వీటిని వేర్వేరు కిటుకులుగా బట్టీ పడతారు. నిజానికి రెండూ ఒకటే. ఒక సంఖ్యకు ఎంత కలిపితే గుండ్రటి సంఖ్య వస్తుందో అంత ఒక పక్క కలిపి, ఇంకో పక్క అంతే తీసి, ఆ రెండింటినీ గుణించి, కలిపినదాని వర్గాన్ని చివర్లో చేర్చాలి. 65 అంటే 60×70, దానికి 25. 96 అంటే 100×92, దానికి 16. ఇదే పద్ధతి 38కీ పనిచేస్తుంది: 40×36=1440, దానికి 4, మొత్తం 1444. 73కైతే 70×76=5320, దానికి 9, మొత్తం 5329. 118కి 100×136=13600, 18 వర్గం 324, మొత్తం 13924. రెండు వర్గాల భేదం సూత్రాన్ని తిరగేసి వాడటమే ఇది. ఎనిమిదో తరగతి బీజగణితంలో ఎలాగూ ఉంటుంది.

ఈ ఒక్కటి వస్తే మిగతా కిటుకులన్నీ పక్కన పెట్టేయొచ్చు. పైగా 'పక్కన రాయడం' వల్ల వచ్చే తప్పు ఇందులో రాదు. 88 వర్గాన్ని 100 దగ్గరి కిటుకుతో చేస్తే 12 తక్కువ, 88లోంచి 12 తీస్తే 76, 12 వర్గం 144. కిటుకు మాత్రమే తెలిసిన పిల్లోడు 76 పక్కన 144 పెట్టి 76144 అంటాడు. 7600కు 144 కలపాలని తెలిసినవాడికి 7744 వస్తుంది. కాబట్టి నా ఓటు: గుండ్రటి సంఖ్య దగ్గర్లో ఉంటే ఈ భేదం పద్ధతి, లేకపోతే నేరుగా గుణకారం.

వర్గమూలం: పెన్ను పెట్టే ముందు సంఖ్యను చూడండి

వర్గమూలం అడిగిన వెంటనే భాగహారం గీత గీసేస్తారు చాలామంది. కాసేపు సంఖ్యను చూస్తే సగం పని తగ్గుతుంది. చివరి అంకె 2, 3, 7, 8 అయితే అది పరిపూర్ణ వర్గం (అంటే ఒక పూర్ణసంఖ్యకు వర్గం) కానే కాదు. చివర సున్నాలు బేసి సంఖ్యలో ఉంటే కాదు. 5తో ముగిస్తే చివర 25 ఉండి తీరాలి. 6తో ముగిస్తే పదుల స్థానంలో బేసి అంకె ఉండాలి. 1, 4, 9తో ముగిస్తే అక్కడ సరి అంకె ఉండాలి. అంకెలన్నీ కూడి, మళ్ళీ కూడి, ఒక్క అంకెకు తెస్తే 1, 4, 7, 9లలో ఒకటి రావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పరీక్షలు 'కాదు' అని తేల్చగలవు, 'అవును' అని తేల్చలేవు. 5389ని చూడండి. 9తో ముగిసింది, పదుల స్థానంలో 8 ఉంది, అంకెల మొత్తం 25, మళ్ళీ కూడితే 7. అన్నీ పాసైంది. అయినా పరిపూర్ణ వర్గం కాదు, ఎందుకంటే 73 వర్గం 5329, 74 వర్గం 5476. ఇది మధ్యలో ఉంది.

1, 3, 5, 7 అంటూ బేసి సంఖ్యలను వరసగా తీసేసే పద్ధతి ఒకటి పుస్తకంలో ఉంటుంది. 49కి ఏడుసార్లు తీస్తే సున్నా వస్తుంది, కాబట్టి మూలం 7. పరిపూర్ణ వర్గం అంటే ఏమిటో అర్థం కావడానికి బాగుంటుంది. 144 దాటాక దీన్ని ముట్టుకోవద్దు. 5329కి 73 సార్లు తీసివేత చేయాల్సి వస్తుంది.

ప్రధాన కారణాంకాల పద్ధతికి మన పొలం లెక్కే తీసుకుందాం. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు, అందులో నూరోవంతు సెంటు. పది సెంట్లు 4,356 చదరపు అడుగులు. దీన్ని విడగొడితే రెండు 2లు, రెండు 3లు, రెండు 11లు. జతకు ఒకటి చొప్పున బయటికి తెస్తే 2×3×11=66. పది సెంట్ల చతురస్రం పక్క సరిగ్గా 66 అడుగులు, ఒక్క అంగుళం తేడా లేదు. ఇది కాకతాళీయం కాదు. పాతకాలం సర్వేలో వాడిన గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా, అంటే ఒక చదరపు గొలుసు పది సెంట్లు. లెక్కల పుస్తకంలో 4356 కనిపిస్తే మన రైతు బిడ్డకు ఇది చెప్పండి, ఇక మరిచిపోడు.

ఇప్పుడు అందులో సగం, ఐదు సెంట్లు: 2,178 చదరపు అడుగులు. విడగొడితే 2, 3, 3, 11, 11. ఒక 2కి జత లేదు. కాబట్టి పరిపూర్ణ వర్గం కాదు. 'ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది?' అని అడిగితే 2, ఏ కనిష్ఠ సంఖ్యతో భాగించాలి అన్నా 2. ఒంటరిగా మిగిలిన కారణాంకమే జవాబు. ఇలాంటి ప్రశ్నలకు ఈ పద్ధతిని మించింది లేదు, భాగహార పద్ధతి ఇక్కడ ఎందుకూ కొరగాదు.

అదే 5329 ఇచ్చి కారణాంకాలతో చేయమంటే ఏడుపొస్తుంది. 2తో పోదు, 3తో పోదు, 5, 7, 11, 13... అలా 71 దాకా వెళ్ళినా పోదు. చివరికి 73 దగ్గర తెగుతుంది. చిన్న ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7, 11 అయిదింటితో ప్రయత్నించి తెగకపోతే ఆ దారి వదిలేయమని నేను పిల్లలకు చెప్తాను.

అప్పుడు ఏం చేయాలి? అది పరిపూర్ణ వర్గమేనని ప్రశ్నలోనే చెప్పి ఉంటే, చివరి అంకె పట్టుకుని అంచనా వేయొచ్చు. 5329 చివర 9 ఉంది, కాబట్టి మూలం చివర 3 గానీ 7 గానీ ఉండాలి. చివరి రెండంకెలు తీసేస్తే 53. అది 49కీ 64కీ మధ్య ఉంది కాబట్టి పదుల అంకె 7. ఇక 73నా, 77నా? 7ను దాని తర్వాతి 8తో గుణిస్తే 56. 53 దానికన్నా తక్కువ కాబట్టి చిన్నది, 73. నిజానికి 56 ఎక్కడిదంటే, 75 వర్గం 5625 కదా, అక్కడిది. ఇంత వేగమైన పద్ధతి ఇంకోటి లేదు. కానీ ఇందాకటి 5389కి కూడా ఇది ఏమాత్రం తడుముకోకుండా 73 అనే చెప్తుంది. అందుకే 'పరిపూర్ణ వర్గం' అన్న మాట ప్రశ్నలో లేనప్పుడు దీన్ని నమ్మొద్దు. నమ్మాలనుకుంటే వచ్చిన జవాబును వర్గం చేసి సరిచూసుకోండి.

భాగహార పద్ధతి, దాంట్లో సున్నా

ఏ సంఖ్య ఇచ్చినా, దశాంశాలున్నా, పరిపూర్ణ వర్గం కాకపోయినా పనిచేసేది స్కూల్లో నేర్పే వాటిలో భాగహార పద్ధతి ఒక్కటే. ఒక్కో అంకెగా మూలం రాబట్టే ఈ దారి మనకు కొత్తదేం కాదు, క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఒక శ్లోకంలో ఉంది. అందులోనూ అప్పటిదాకా వచ్చిన మూలాన్ని రెట్టింపు చేసి భాగించమనే ఉంటుంది. ఆ రెట్టింపు ఎందుకంటే, ఇందాక వరండాలో చూసిన రెండు పట్టీల కోసమే. ఇది చెప్పకుండా 'రెట్టింపు చెయ్, పక్కన ఖాళీ పెట్టు' అని యంత్రంలా నేర్పితే, నెల తిరిగేసరికి పిల్లలకు ఏది రెట్టింపు చేయాలో గుర్తుండదు.

ఎకరా పొలం చతురస్రంగా ఉందనుకుని ఒక పక్క పొడవు కడదాం. 43560ను కుడి నుంచి జతలు చేస్తే 60, 35, ఎడమ చివర ఒంటరిగా 4. 4కు మూలం 2, శేషం 0. 35 దించాలి. 2ను రెట్టింపు చేస్తే 4, దాని పక్కన ఖాళీ. 41×1 కూడా 41, అప్పుడే 35 దాటిపోయింది. కాబట్టి ఆ ఖాళీలో 0, భాగఫలంలోనూ 0.

పిల్లలు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. '35లో పోదు' అనుకుని, సున్నా రాయకుండానే 60 కూడా దించేస్తారు. భాజకం ఇంకా నలభైల్లోనే ఉంటుంది, ఎదురుగా 3560 ఉంటుంది. 49×9 వేసినా 441కి మించి రాదు. "సార్, ఇది తెగడం లే" అని పుస్తకం ముందుకు తోస్తారు. ఇంకొందరు ఎలాగోలా నెట్టుకొచ్చి 28 అని రాస్తారు. 200 వర్గమే 40,000 కదా, 28 ఎక్కడ, ఇది ఎక్కడ? జతలు ఎన్ని ఉన్నాయో చూసుకోవడం అలవాటు చేస్తే చాలు. ఒంటరి అంకెను కూడా ఒక జతగా లెక్కేస్తే ఇక్కడ మూడు జతలు, కాబట్టి మూలంలో మూడంకెలు ఉండి తీరాలి.

సున్నా రాశాక మిగతాది సాఫీగా పోతుంది. 20ని రెట్టింపు చేస్తే 40, పక్కన ఖాళీ. 409×9 అంటే 3681, ఎక్కువైంది. 408×8=3264, శేషం 296. దశాంశ బిందువు పెట్టి రెండు సున్నాలు దించితే 29600. 208ని రెట్టింపు చేస్తే 416, 4167×7=29169, శేషం 431. ఇంకో రెండు సున్నాలు దించితే 43100, 41741×1. మూలం 208.71 అడుగులు. నాలుగు పక్కలా కంచె వేయాలంటే దాదాపు 835 అడుగులు.

సెంటు చతురస్రం పక్క కావాలంటే మళ్ళీ ఇదంతా చేయక్కర్లేదు. 43560లో నూరోవంతు 435.6, కాబట్టి మూలం పదోవంతు, 20.87 అడుగులు. నేరుగా చేసేవాళ్ళు మాత్రం బిందువు తర్వాతి 6ను ఒంటరిగా వదలకుండా 60గా జత చేయాలి. బిందువుకు ఎడమవైపు జతలు కుడి నుంచి ఎడమకు, కుడివైపు జతలు ఎడమ నుంచి కుడికి.

'4000లోంచి ఏ కనిష్ఠ సంఖ్యను తీసేస్తే పరిపూర్ణ వర్గం వస్తుంది' లాంటి ప్రశ్నలకూ ఇదే దారి. మూలం 63, శేషం 31. తీసేయాల్సింది ఆ శేషమే. కలపాల్సింది అడిగితే 64 వర్గం 4096 దాకా వెళ్ళాలి, అంటే 96. తీసేయడాన్నీ కలపడాన్నీ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ, కాబట్టి ప్రశ్నను రెండుసార్లు చదవమనండి.

పరీక్షను బట్టి

స్కూలు పరీక్షలో పద్ధతి పేరు ప్రశ్నలోనే ఉంటే చర్చే లేదు, అదే వాడాలి. కారణాంకాల పద్ధతిలో చేయమంటే భాగహారం చేసి సరైన జవాబు రాసినా పూర్తి మార్కులు ఇవ్వరు. పద్ధతి చెప్పకపోతే, నాలుగంకెల లోపు సంఖ్య చిన్న కారణాంకాలతో తెగుతుంటే కారణాంకాలు, లేకుంటే భాగహారం.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష వేరే సంగతి. 180 ప్రశ్నలు, మూడు గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం. ఎంపికైతే ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి కాబట్టి మా దగ్గర దీని మీద టెన్షన్ బాగానే ఉంటుంది. అక్కడ స్టెప్పులు ఎవరూ చూడరు. ఆప్షన్లలో నాలుగు సంఖ్యలు ఉంటాయి కాబట్టి చివరి అంకె చూసి రెండు కొట్టేసి, అంచనాతో ఇంకోటి కొట్టేస్తే చాలాసార్లు పని అయిపోతుంది. కానీ ఈ వేగం ముందే నేర్పొద్దు. జూన్ నుంచి కారణాంకాలూ భాగహారమూ గట్టిపడ్డాక, పరీక్షకు నెలా రెండు నెలల ముందు చివరి అంకె పద్ధతి నేర్పితే సరిపోతుంది. తిరగేసి నేర్పిన పిల్లలు 5389 లాంటిది వస్తే నేరుగా గోతిలో పడతారు.

పరీక్ష లేని చోట ఇంకో సులువు దారి ఉంది, సగటు పద్ధతి. ఐదు సెంట్ల చతురస్రం పక్క ఎంత? 47 అనుకోండి. 2178ని 47తో భాగిస్తే 46.34. అనుకున్నది కాస్త ఎక్కువైంది, భాగిస్తే వచ్చింది కాస్త తక్కువైంది, అసలుది మధ్యలో ఉంది. రెండింటి సగటు 46.67 అడుగులు. ఒక్కసారికే రెండు దశాంశ స్థానాల దాకా సరిగ్గా వచ్చేసింది. గ్రీకు గణితజ్ఞుడు హెరాన్ రాసిపెట్టిన దారి ఇది. స్కూల్లో దీనికి మార్కులు రావు గానీ పెద్దయ్యాక గుర్తుండేది ఇదే.

ఇల్లు కట్టే చోట మేస్త్రీలు మూలమట్టం సరిచూడటానికి 3, 4, 5 అడుగుల కొలత వాడతారు. 30×40 సైటుకు మూల నుంచి మూలకు తాడు పట్టుకుంటే సరిగ్గా 50 అడుగులు రావాలి. 20×30 సైటైతే 400కు 900 కలిపి 1300 మూలం కావాలి. 36 వర్గం 1296, ఇంకా 4 మిగిలింది. ఆ నాలుగును 36కు రెట్టింపు 72తో భాగిస్తే 0.06 కన్నా కాస్త తక్కువ. అంటే 36 అడుగుల మీద ముప్పావు అంగుళం లోపే. టేపు పట్టుకునేవాడికి అంతకన్నా సూక్ష్మం అక్కర్లేదు.